కూర్చుని తీసిన కునుకు

రాజాంలో నగరేశ్వరరావు గారి కిరాణా కొట్టు మధ్యాహ్నం ఒంటిగంటకి మూస్తారు, మూడున్నరకి తెరుస్తారు. ఆ మధ్యలో ఆయనా, కొడుకు విజయ్‌కుమారూ భోంచేసి ఫ్యాను కింద నడుం వాలుస్తారు. కోడలు బిందు మాత్రం నడవాలో పీటేసుకుని, కొట్లో అమ్మే చింతపండుకి పిక్కలు తీస్తుంది. పట్టపగలు కోడలు నేలకి వీపు ఆనిస్తే లక్ష్మీదేవి గడప దాటి పోతాదని అత్తగారు పార్వతీదేవి పెట్టిన రూలు. అబ్బో, మగాళ్ల గురక మాత్రం ఆ తల్లికి జోలపాట కాబోలు!

కాపురానికొచ్చిన పధ్నాలుగేళ్లలో బిందు ఒక విద్య నేర్చింది. కూర్చునే, చేతులాడిస్తూనే నిద్రపోవడం. ఆ కునుకులో కన్నవారి ఊళ్లో నాగావళి ఇసుక మీద వెల్లకిలా పడుకునేది. నీళ్లు చెవుల దాకా వచ్చి, ఏదో చెప్పి వెళ్లిపోయేవి. ఎవరూ పిలిచేవారు కాదు. ఎంత హాయో! ఇంతలో “నిద్రపోతన్నావేటే?” అని అత్త కేక. నది చటుక్కున ఇంకిపోయేది. “లేదత్తయ్యా” అనేది బిందు. ఎదురుగోడకి జారబడి తనూ కళ్లు మూసుకునే అత్త, “నేను పడుకున్నానా ఏనాడైనా?” అనేది.

ఆ వేసవి మధ్యాహ్నం నది ఆమెని వదల్లేదు. చేతులు వాటి దారిన అవి పనిచేసుకుపోయాయి. పిక్కలన్నీ డబ్బాలోకి, పండంతా చెత్తబుట్టలోకి. విజయ్‌కుమార్ లేచొచ్చి డబ్బా మూత తీశాడు.

“ఏటే ఇది? పిక్కలమ్మమంటావా? నిద్రపోయావా?”

బిందు నోరు తెరిచేలోగా, పక్కన బొమ్మలేసుకుంటున్న పదేళ్ల కూతురు పింకీ గబగబా అంది: “లేదు నాన్నా! అమ్మ నిద్రపోలేదు. ఊరికే కళ్లు మూసుకున్నాది, అంతే.”

దీనికెవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ మాట రోజూ అత్తకి బిందు చెప్పేదే, ఆ భయం కూడా బిందుదే. బిందు కూతురి వైపు వంగింది.

“అబద్ధమాడకమ్మా,” అంది పింకీతో. తర్వాత మొగుడి వైపు తిరిగింది. “నిద్రపోయానండీ. రోజూ పోతన్నాను.”

“ఒసే...” అని ఆగిపోయింది పార్వతీదేవి.

బిందు లేచి, మూలనున్న చాప నడవా మధ్యలో పరిచి, వీపంతా ఆనించి పడుకుంది. పింకీని పక్కకి లాక్కుంది. పార్వతీదేవి గడప కేసి చూసింది. ఎవరూ దాటిపోలేదు.

“మరి టీ?” అన్నాడు విజయ్‌కుమార్, ఏం తోచక.

వీపు కింద అప్పటికే ఇసుక వెచ్చగా తగులుతోంది.

“పెట్టాక లేపండి,” అంది బిందు, కళ్లు తెరవకుండానే.