మిగతా ఏడో పేజీలో

లక్సెట్టిపేట బస్టాండు ఎదుట ఉన్న రజాక్ హోటల్లో గోడల రంగు మారింది, గ్లాసులు మారాయి, పాలు పోసేవాళ్లు మారారు. బల్ల మాత్రం మారలేదు. అది పద్నాలుగు అడుగుల టేకు బల్ల, అతుకు లేని ఒకే చెక్క. రజాక్ తండ్రి దాన్ని చెన్నూరు నుంచి బండిమీద తెప్పించి లోపల వేయించాకే హోటలుకు ముందు గోడ కట్టించాడు. అందువల్ల అది ఏ తలుపులోంచీ బయటికి పోదు. పోవాలంటే కోయాలి.

శనివారం ఉదయం తొమ్మిదింటికి దాన్ని కోయడానికి వడ్రంగి రాంచందర్ వస్తానన్నాడు.

ఆ బల్ల దగ్గర ఒకప్పుడు ఒక పద్ధతి ఉండేది. హోటల్‌కు ఒకే దినపత్రిక వచ్చేది. వచ్చిన అరగంటలో దాన్ని కాగితం కాగితంగా విడదీసుకునేవారు. ఒకరి చేతిలో మొదటి పేజీ, ఇంకొకరి చేతిలో ఆటలు, మూలన కూర్చున్న పెద్దమనిషి చేతిలో పత్తి ధరలు. మొదటి పేజీలో మొదలైన వార్త ‘మిగతా ఏడో పేజీలో’ అంటూ ఆగిపోతే, ఆ ఏడో పేజీ ఎవరి దగ్గర ఉందో వెతికి అడగాల్సిందే. అడిగినవాడిది ఒక మాట, ఇచ్చినవాడిది ఒక మాట. ఊళ్లోని లోకజ్ఞానంలో సగం ఆ అడగడంలోనే పుట్టేదని రజాక్ నమ్మకం. దానికి అతని దగ్గర రుజువేమీ లేదు.

మొన్నటి ఎన్నికల తర్వాత, ఆ పత్రిక అధికార పక్షానికి బాకా ఊదుతోందని పరశురాములు తేల్చాడు. అతడు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. కాలేజీ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసిన పేతురు అందుకు ఒప్పుకోలేదు. రజాక్ రెండో పత్రిక కూడా తెప్పించాడు. పేతురు వర్గం బల్ల తూర్పు కొసకు, పరశురాములు వర్గం పడమటి కొసకు చేరాయి. నడుమ మూడడుగుల చెక్క ఖాళీ. ఎవరి పత్రిక వారికి పూర్తిగా ఉంది కనుక ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. వర్గం పెద్ద గట్టిగా చదవడం, మిగతావాళ్లు చాయ్ తాగుతూ తలలూపడం, అంతే.

చిక్కల్లా గొంతులతోనే వచ్చింది. ఒకరిది బస్సు నిండా జనాన్ని వెనక్కు జరిపిన గొంతు. మరొకరిది ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు. ఒక కొసన చదివిన వార్త రెండో కొసన వినబడిపోతోంది.

“రజాక్ భాయ్, నడుమ ప్లైవుడ్ గోడ కొట్టియ్యి. గా అబద్ధాలు ఇంటుంటె నా చాయ్ చేదైతుంది” అన్నాడు పరశురాములు.

“చేదు చాయ్‌ల లేదు రజాక్, గాయిన నోట్ల ఉంది” అన్నాడు పేతురు. ఆరు నెలలుగా వాళ్లిద్దరూ రజాక్ ముఖం మీదుగానే మాట్లాడుకుంటున్నారు. “కానీ ప్లైవుడ్ కొట్టియ్యి. గా మాట మంచిదే.”

ఆరు నెలల్లో ఇద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

“బల్ల అడ్డముంది గదన్నా” అన్నాడు రజాక్.

“కోయి. లేకుంటె మేం బస్టాండవతలి హోటల్‌కు పోతం” అన్నాడు పరశురాములు.

“మేం గూడ” అంది రెండో కొస.

శనివారం తెల్లవారి పత్రికలు వచ్చేసరికి రజాక్ బల్లమీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. అతని భార్య అజీజా పూరీ పిండి పిసుకుతోంది.

“ఏందయ్యా, దాన్ని పట్టుకొని ఎంతసేపు నిలబడ్తవ్? అదేమన్న ఉరుకుతదా?”

“తొమ్మిదైతే రెండు ముక్కలైతది, అజీజా.”

ఆమె చేయి తుడుచుకొని పత్రికలు రెండూ పక్కపక్కన పరిచింది. రెండింటి మొదటి పేజీలోనూ గోదావరి మీద కట్టబోయే ఒకే వంతెన, ఒకే ఫొటో. ఒక పత్రికలో అది ‘తరతరాల కల సాకారం’. రెండోదాంట్లో ‘కాగితాల మీద కాంక్రీటు’. రెండు వార్తలూ మిగతా ఏడో పేజీలోనే.

“ఫొటో గదే, జాగ గదే. రెండు కొనుడెందుకు?” అంది అజీజా.

రజాక్ కాసేపు ఆ రెంటినీ చూశాడు. తర్వాత రెండు పత్రికల్లోంచీ ఏడో పేజీ ఉన్న కాగితాలను లాగి, దీనిది దానిలో, దానిది దీనిలో పెట్టి, మడత చెడకుండా నొక్కాడు.

“ఏం జేస్తున్నవ్? దొరికితే తంతరు.”

“సదివితే గద దొరికేది.”

ఏడింటికి రెండు కొసలూ నిండాయి. పేతురు కళ్లజోడు సవరించుకొని మొదలుపెట్టాడు: “‘ఆవలి ఊళ్లకు గంట ప్రయాణం ఇక పది నిమిషాలే. సర్వే పూర్తయింది. ప్రజల ఆనందానికి అవధుల్లేవు.’ మిగతా ఏడో పేజీలో...” కాగితం తిప్పాడు. “‘ఇదే మాట మూడేళ్లుగా చెబుతున్నారు. ఒక్క స్తంభమూ లేవలేదు. ఇది జనం చెవుల్లో పువ్వులు పెట్టడమే.’”

“కరెక్ట్!” అన్నాడు పక్కనున్న పత్తి వ్యాపారి అవేజ్. “మస్తు రాసిండన్నా. గా ముక్క మళ్ల సదువు.”

ఊగుతున్న తలల్లో ఒక్కటీ ఆగలేదు. లోలకాన్ని ఒకసారి కదిలిస్తే, చెయ్యి తీసేసినా అది ఊగుతూనే ఉంటుంది.

అదే సమయంలో పడమటి కొసన పరశురాములు మూడు శంకుస్థాపనలనూ ముప్పై ఫ్లెక్సీలనూ చీల్చి చెండాడి పేజీ తిప్పాడు. “‘దార్శనికుడైన నాయకుడికి రైతులు నీరాజనాలు పడుతున్నారు...’”

“దుమ్ము దులిపిండు!” అని అతని వర్గంలోంచి ఎవరో ఈల వేశారు.

పేతురు ‘పువ్వులు’ దగ్గర ఆగిపోయాడు. ప్రయోగశాలలో మూతలు మారిన సీసాలను వాసనతో పట్టిన మనిషి. పేజీ నెత్తిన చీమంత అక్షరాల్లో ఉన్న పత్రిక పేరు చూశాడు. తల ఎత్తాడు. అవతలి కొసన పరశురాములు కూడా పేజీ నెత్తినే చూస్తున్నాడు. పొయ్యి దగ్గరినుంచి రజాక్‌కు ఆ రెండు ముఖాల్లోనూ ఒకే ఇబ్బంది కనిపించింది: బయటికి చెబితే, ఇంతసేపు మెచ్చుకున్నవాళ్ల పరువు ఏం కావాలి? చదివి వినిపించినవాడి పరువు ఏం కావాలి?

పేతురు గ్లాసు పట్టుకొని బల్ల నడుమకు జరిగాడు. పరశురాములూ జరిగాడు. అక్కడి చెక్కను తుడిచే పని రజాక్‌కు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.

“గా ఏడో పేజీ ఇటియ్యి” అన్నాడు పేతురు గుసగుసగా.

“మా పేజీ నీతానకెట్లొచ్చింది?”

“మాది నీతానకెట్లొచ్చిందో గట్లనే.”

“మావోళ్లకు చెప్పకు.”

“నేనేం చెప్త? మావోడు మీ పేపర్‌ను మళ్ల సదువుమన్నడు.”

“మావోడు ఈలేసిండు గదనే!”

ఇద్దరూ గ్లాసుల్లోకి ముఖాలు దించారు. పరశురాములు భుజాలు అదిరాయి. పేతురుకు చాయ్ పొలమారింది.

“సరే గనీ, వంతెన ఎప్పుడు కడ్తరంట? మీదాంట్ల తారీఖున్నదా?” అన్నాడు పేతురు, దగ్గు ఆగాక.

“లే. మీదాంట్ల?”

“లే.”

ఇద్దరూ నాలుగు కాగితాలు పరిచి, తారీఖు కోసం వేలు పెట్టి వరుసవరుసా వెతకసాగారు. తొమ్మిదింటికి రాంచందర్ రంపంతో లోపలికి వచ్చేసరికి కూడా అది దొరకలేదు.

“యాడ కోయాలె?”

“గాడ” అని అవేజ్ నడుమ చూపించాడు. అక్కడ రెండు జతల మోచేతులున్నాయి.

“అన్నా, జర లేవున్రి.”

“చాయ్ తాగుతున్నం, కనబడ్తలేదా?” అని పరశురాములు కసిరాడు.

“మీరే గదన్నా కోయమన్నది!” అన్నాడు అవేజ్. “అసలు వాళ్లతోని మీకు మాటలేంది, పేతురన్నా?”

పేతురు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “అవతలోళ్ల పేపర్‌ల ఏముందో తెల్వద్దా? గిది నిఘా.”

“మాది గూడ నిఘానే” అన్నాడు పరశురాములు వెంటనే. “నడుమ ప్లైవుడ్ కొడ్తె నిఘా ఎట్లయితది?”

రెండు వర్గాలూ ఆలోచించి, నిఘా అవసరమేనన్నాయి. రాంచందర్ రంపాన్ని గోడకు ఆనించి రెండు పూరీలు అడిగాడు. అజీజా అతనికి నాలుగు పెట్టింది.

వెళ్లేముందు పేతురు పొయ్యి దగ్గరికి వచ్చాడు. “ఎవరు మార్చిండ్రు, రజాక్?”

“గాలికి మారినయేమో, సారూ.”

“రెండు పేపర్లల్ల గదొక్క పేజే మార్చే గాలి నేను ముప్పై ఏండ్లల్ల సూడలే.” అతడు వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. “రేపు గా సంపాదకీయం పేజీ మార్చు. గాయిన ఏం జేస్తడో సూద్దాం.”

పది నిమిషాల తర్వాత పరశురాములు తిరిగొచ్చి, మరచిపోయిన గొడుగు కోసం వెతికాడు. అతడు గొడుగు తెచ్చుకోలేదు. “రజాక్ భాయ్, రేపు సంపాదకీయం పేజీ అటుదిటు చెయ్యి. పేతురుకు చెప్పకు.”

మర్నాడు తెల్లవారి రజాక్ ఇద్దరి మాటా పాటించాడు. పేతురు చెప్పినట్టు ఆ కాగితాలను ఒకసారి మార్చాడు. పరశురాములు చెప్పినట్టు మరోసారి మార్చాడు. పత్రికలు రెండూ అచ్చువేసినవాళ్లు మడిచినట్టే ఉన్నాయి.

ఏడు గంటలకు ఇద్దరూ ఎదురెదురుగా, బల్ల నడుమ కూర్చున్నారు. ఎవరూ గట్టిగా చదవడం లేదు. ప్రతి పేజీ నెత్తినా పేరు చూసుకుంటున్నారు, ప్రతి వాక్యం దగ్గరా ఆగుతున్నారు, అనుమానం వచ్చినచోటల్లా “మీదాంట్ల ఏమున్నది?” అని అడుగుతున్నారు. వెనక నిలబడ్డ రెండు వర్గాలూ మెడలు చాచి చూస్తున్నాయి.

“ఏం మార్చినవ్ ఇయ్యాల?” అంది అజీజా.

“ఏం లే.”

“మరేం దేవులాడుతున్రు?”

“దేవులాడనీ.”

ఎనిమిదింటికి పేతురు దొంగ పేజీని పట్టాడు. మూడో పేజీలోని నలభై మూడు డిగ్రీల ఎండ వార్త తమ పత్రికది కానే కాదని, ఇంత నమ్మశక్యంగా తమవాళ్లు ఎన్నడూ రాయరని గట్టిగా వాదించాడు. పరశురాములు తన కాగితం విప్పి చూశాడు. దాంట్లోనూ నలభై మూడు డిగ్రీలే ఉంది.