ఎనిమిది లేని సంఖ్య

మా ఆయన వీరేందర్ గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లే కరువయ్యారు. "ఇగ కుంచెలు ఎవలకన్న ఇచ్చేస్త శోభా. మేడ్చల్ల ఏదన్న కంపెనీకి వాచ్‌మన్‌గ పోత" అన్నాడు పోయిన నెల. రావల్కోల్‌లో నేను లెక్కలు చెప్పే బడి ఉంది కదా, అక్కడ గణిత దినోత్సవానికి గోడ రాసే పని పట్టుబట్టి ఆయనకే ఇప్పించాను.

రాయాల్సింది ఒక్కటే సంఖ్య: 12345679. అందులో ఎనిమిది ఉండదు. తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే, 111111111. పద్దెనిమిదితో గుణిస్తే అన్నీ రెండ్లే, ఇరవై ఏడుతో అయితే మూడ్లే. ఆ సంఖ్యంటే నాకు మహా ముద్దు. తల్లిదండ్రుల ముందు పిల్లలు దాన్ని గుణించి చూపించాలని ఏర్పాటు.

ఆ రోజు పొద్దున వెళ్లి చూద్దును కదా, గోడ మీద మనిషెత్తు అంకెలు! ఎర్ర రంగు, పసుపు అంచు. ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఎనిమిది దర్జాగా కూర్చుని ఉంది.

"గీ ఎనిమిది ఎవలు రాయమన్నరయ్యా?"

"నువ్వు చెప్పేటప్పుడు మర్సిపోయినవ్" అన్నాడు మెల్లగా. "టీచరమ్మకు అంకెలే రావని నలుగురు నవ్వుతరని నేనే ఏసిన. ఎవలకు జెప్పలే."

నా నోరు మంచిది కాదు. పిల్లలు వింటున్నారన్న సోయి కూడా లేదు. "చెప్పింది చెప్పినట్టు రాయరాదు? అక్కెరలేని తెలివి ఎందుకు నీకు? ఇంకో గంటల అందరొస్తరు!" అని అరిచేశాను. ఆయన తెల్ల రంగు డబ్బా తెచ్చి కలపసాగాడు. ఆ ముఖం చూసి నా ప్రాణం ఉసూరుమంది. నా పరువు కాపాడబోయిన మనిషిని నలుగురిలో నేనే చిన్నబుచ్చాను. ఇక కుంచె ముట్టడేమోనని భయమేసింది.

ఎనిమిది ఉన్నా ఏదైనా తమాషా వస్తుందేమోనని సుద్దముక్క అందుకుని నేలమీదే కూర్చున్నాను. 123456789ని తొమ్మిదితో గుణించాను. 1111111101 వచ్చింది. సున్నా పాడుచేసింది. ఏడుతో గుణించినా లాభం లేదు. చివరికి ఆయన వేసిన ఎనిమిదితోనే గుణించాను. 987654312. అబ్బ, కొంచెంలో తప్పింది! తొమ్మిది కలిపి చూశాను.

987654321. సంఖ్య మొత్తం వెనక్కి తిరిగి నిలబడింది!

అప్పటికే ఆయన నిచ్చెనెక్కి కుంచె ఎత్తాడు. "ఆగు! శెరపకు!" అని కేక పెట్టాను. పిల్లలు గుంపుగా వచ్చి, నేలమీద లెక్క చూసి చప్పట్లు కొట్టారు.

"అంటే నేను రాసింది కరెక్టేనా?" అన్నాడు నిచ్చెన మీది నుంచే.

"తప్పే. గని నా లెక్క కన్న నీదే మంచిగుంది. నాదే నోటి తప్పు, మనసుల వెట్టుకోకు" అన్నాను, పిల్లలందరూ వినేట్టుగానే.

ఆయన కిందికి దిగి కుంచె తుడుచుకున్నాడు.

"ఎనుక గోడ ఖాళీగనే ఉన్నది గదా" అన్నాడు. "నీ ఎనిమిది లేనిది ఆడ రాస్తనా?"

రాయమన్నాను. నిచ్చెన నేనే పట్టుకున్నాను.