ధనూరాశి వైపు కొత్త చుక్క

ధనూరాశి వైపు, అంతకుముందు ఏమీ లేని చోట, ఉన్నట్టుండి ఎక్స్-రేలు వెలువడుతున్నాయని ఉపగ్రహం నుంచి కబురు వచ్చింది. ఆ వారమంతా మా చియాంగ్ మాయ్ కొండల మీద మబ్బు కదల్లేదు. ఎక్కడో సముద్రంలో లేచిన తుపాను తాలూకు మబ్బు అది. ఒరతై అక్క రోజూ సాయంత్రం టెలిస్కోపు గోపురం తెరిపించేది, చినుకు పడగానే మూయించేది.

ఉపగ్రహం చెప్పింది ఉజ్జాయింపు చోటు మాత్రమే. దాని చుట్టూ గీసిన చిన్న వలయంలోనే వందల నక్షత్రాలున్నాయి. వాటిలో కొత్తగా వెలిగినదేదో మామూలు కాంతిలో ఫోటోలు తీసి, పాత ఫోటోలతో పోల్చి పట్టుకోవాలి. ఇలాంటివి కొన్ని వారాలు మండి ఆరిపోతాయి. పైగా సూర్యుడు రోజురోజుకీ ఆ వైపే జరుగుతున్నాడు. చీకటి పడ్డాక ఆ చోటు పడమటి కొండ వెనక్కి దిగిపోయేలోగా మాకు మిగిలేది గంటకన్నా తక్కువే. ఈ పనిలో తల పండిన మనిషి అక్క. నేను ఆమె కింద పనిచేస్తున్నవాణ్ణి. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే మబ్బు పట్టి, వేరే దేశాలవాళ్లు ముందు చెప్పేశారు. ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

చివరికి ఆకాశం తేటపడింది. తీరా చూస్తే ఆ రోజు యీ పెంగ్ పౌర్ణమి. చీకటి పడగానే లోయలోని ఊళ్లన్నీ ఆకాశదీపాలు వదులుతాయి. మా పడమటి దిక్కంతా అవే ఉంటాయి.

మధ్యాహ్నమే అక్క నన్ను వెంటబెట్టుకుని కింద ఊరి పెద్ద ఖమ్వాన్ మామయ్య ఇంటికి వెళ్లింది. ఆయన వాకిట్లో కూర్చుని, రాత్రి ఏట్లో వదిలే అరటిదొప్పలకు పూలు గుచ్చుతున్నాడు. దీపాలు ఒక్క గంట ఆలస్యంగా వదలమని అక్క అడిగింది.

"ఆ నక్షత్రం రేపు ఉండదా అమ్మా?" అన్నాడాయన.

"ఉంటుందో లేదో తెలీదు మామయ్యా. మళ్లీ మబ్బు వస్తే ఉన్నా లేనట్టే."

ఆయన కాసేపు పూలు గుచ్చాడు. "మావాళ్లను ఆపుతాను. దీపాలు వదిలే ముందు భిక్షువుల్ని కూడా ఇంకో నాలుగు సూత్రాలు ఎక్కువ చదవమంటాను. కానీ లోయలో ఆ రిసార్టువాళ్లు దీపాల వేడుకకు టికెట్లు అమ్ముకున్నారు. వాళ్లు నా మాట వింటారా?"

వినలేదు. అక్క ఫోన్ చేస్తే, పండగకు వచ్చిన అతిథులను ఎలా ఆపమంటారని మర్యాదగా అడిగి పెట్టేశారు.

చీకటి పడింది. ఊరు మాట నిలబెట్టుకుంది. రిసార్టు వైపు నుంచి మాత్రం దీపాలు గుంపులు గుంపులుగా లేచాయి. కిందనుంచి చూసేవాళ్లకు అది అందమే. మా తెరమీద మాత్రం తెల్లటి చారలు. ఫోటో తీయడం, చార పడటం, చెరిపేసి మళ్లీ తీయడం. అక్క పళ్లు బిగించి కుర్చీ అంచున కూర్చుంది. ఆ చోటు కొండ వెనక్కి జారేలోగా కాస్త పనికొచ్చే ఫోటోలు రెండే దొరికాయి.

మొదటిదానిలో, వలయం అంచున, పాత ఫోటోల్లో లేని చుక్క ఒకటి మెరిసింది. రెండోదానిలో అది లేదు.

పట్నం నుంచి మా సంస్థ డైరెక్టర్ ప్రసిత్ గారు ఫోన్ చేశారు. చుక్క దొరికిందని నా నోటినుంచే విన్నారు. వెంటనే ప్రకటన పంపమన్నారు.

"ఒక్క ఫోటోలోనే ఉంది సార్," అంది అక్క. "దూరంగా నిలబడిపోయిన దీపం కూడా అలాగే కనబడుతుంది."

"సందేహం ఉందని రాసి పంపు. ముందు పేరు మనది పడుతుంది."

"తప్పయితే? ఊళ్లో దీపాన్ని పట్టుకుని నక్షత్రమన్నామని చెప్పుకుంటారు."

"ఎప్పుడూ ఇంతే నువ్వు," అని ఆయన పెట్టేశారు. అక్క ఫోన్ బల్లమీద బోర్లించింది. ప్రకటన పంపలేదు.

మర్నాడు మబ్బు. ఆ పైరోజూ మబ్బే. మూడో రోజు ఉదయం చిలీ నుంచి ప్రకటన వచ్చింది. కొత్తగా వెలిగినది దొరికింది. పక్కనున్న నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటున్న కృష్ణబిలం అట. వలయానికి అవతలి అంచున ఉంది. మా చుక్క ఊళ్లో దీపమేనన్నమాట.

అక్క ఆ చోటు మా ఫోటోల్లో వెతికింది. మొదటిదానిలో సరిగ్గా అక్కడే దీపం చార. రెండోదానిలో ఉంది, ఉందా లేదా అన్నంత మసకగా. ఎవరైనా చెబితే తప్ప కంటికి ఆనదు.

"చూడు," అంది నాతో. "నా ముందే ఉంది. వేలు పెట్టి చూపించలేకపోయాను."

మధ్యాహ్నమంతా కూర్చుని దాని వెలుగు కొలిచి చిలీ వాళ్లకు పంపింది. వాళ్లు థాంక్స్ చెబుతూ, తమకంటే ముందునాటి కొలత దొరికినందుకు సంతోషమని రెండు వాక్యాలు రాశారు. డైరెక్టర్ గారికి అది చూపించమని అన్నాను.

"ఎందుకూ?" అంది విసుగ్గా. "తప్పు చెప్పలేదని ఎవరికైనా మెడల్ ఇస్తారా?"

కింద హోటల్‌కెళ్లి ఖావ్ సోయ్ నూడుల్స్ తిందామని లేపాను. కారం ఎక్కువైందని వడ్డించినావిడను కసిరింది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది. డబ్బు కట్టి బయటికి వచ్చాక పడమటి వైపు చూసింది. మబ్బు విడుతోంది.

"వెళ్లి గోపురం తెరిపించు," అంది. "ఆరిపోయేదాకా దాన్ని కొలుద్దాం."