డోన్ ప్లాట్‌ఫారం మీద మూడు నీళ్ళు

“టీకా మచ్చ ఏదప్పా?” అన్నాడు డాక్టర్ దావీదురాజు.

ఓబులేసు చొక్కా విప్పి నిలబడ్డాడు. డాక్టరు ఎడమ చెయ్యి చూశాడు, కుడి చెయ్యి తిప్పి చూశాడు. రెండు భుజాలూ కడిగిన నాపరాయిలా నున్నగా ఉన్నాయి.

“లేదు సార్.”

“లేదంటే? చిన్నప్పుడు టీకాలాయన మీ ఊరికి రాలేదా?”

“ఏటేటా వచ్చేవాడు సార్. మా జేజి నన్ను దొరకనిచ్చేది కాదు.”

డాక్టరు నవ్వలేదు.

అది 1955 వేసవి. కర్నూలు అప్పట్లో రాజధాని. ప్రొద్దుటూరు పత్తి వ్యాపారి కేశవయ్య కొడుకు ఓబులేసు, అనంతపురంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. జర్మనీలో సిమెంటు యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి, ఆర్నెల్లు దగ్గరుంచుకుని పని నేర్పుతాం, ఒక విద్యార్థిని పంపండి అంది. ఆ ఒక్క చోటూ ఓబులేసుకు దక్కింది. అతడు రాకపోతే వెళ్ళడానికి మద్రాసు కుర్రాడొకడు పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. ఓడ పై ఆదివారం బొంబాయిలో బయల్దేరుతుంది. మశూచి టీకా వేయించుకున్నట్టు చీటీ లేకపోతే మెట్టెక్కనివ్వరు.

“ముందొకసారి వేసుకున్నోళ్ళయితే ఇప్పుడే చీటీ రాసిస్తా,” అన్నాడు డాక్టరు. “నీకు ఇదే మొదలు. పొక్కు లేవల్ల, దాన్ని నేను కళ్ళారా చూడల్ల. మళ్ళీ బేస్తవారం పొద్దున రా. ఈ లోపల దాని మీద ఆకు గానీ, పసుపు గానీ పూసినావంటే చీటీ లేదు, ఓడా లేదు.”

“బేస్తవారం సాయంత్రమే నా బండి సార్.”

“అందుకే పొద్దున రమ్మంటాండా.”

పళ్ళున్న చిన్న టీకా చక్రాన్ని భుజం మీద పెట్టి గిర్రున తిప్పాడు. చీమ కుట్టినట్టయింది. దీనికోసమా ఇన్నేళ్ళు దాక్కున్నాను అనుకున్నాడు ఓబులేసు.

దాక్కున్న మాట నిజమే. ప్రొద్దుటూరుకు తిరిగి వస్తూ బస్సులో అదంతా తలుచుకున్నాడు. టీకాలాయన గొడుగు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, మిద్దెల మీది ఆడవాళ్ళు ఒకరికొకరు కేకలేసుకునేవారు. నాయన తల్లి, జేజి వెంకటలక్ష్మమ్మ అతణ్ణి చంకనేసుకుని పత్తి కొట్టంలోకి పరుగెత్తేది. పత్తికుప్పలో గొంతు దాకా పాతిపెట్టి, ఏడవకుండా చేతిలో పప్పుండ పెట్టేది. పత్తి వెచ్చదనం, బెల్లం తీపి, బయట జేజి గొంతు: “పిల్లోడా? వాడు వాళ్ళ అవ్వగారింటికి పోయినాడప్పా!” దీపావళి కంటే ఆ రోజుకోసమే ఎక్కువ ఎదురుచూసేవాడు. మశూచి అంటే అమ్మవారు, తనంతట తాను గడపకు వచ్చే తల్లి అనీ, ఆమె రాకముందే ఆమె ముద్రను మనుషుల చేత దొంగతనంగా వేయించుకుంటే ఊరుకోదనీ జేజి నమ్మకం.

అందుకే ఇంట్లో నోరు విప్పలేదు. నిండు చేతుల చొక్కా తొడుక్కుని తిరిగాడు.

“ఈ ఎండల్లో ఆ చొక్కా ఏందిరా అబ్బీ?” అంది జేజి.

“జర్మనీలో చలి, జేజీ. అలవాటు చేసుకుంటాండా.”

“అలవాటు కావల్లంటే చలి ఉండల్ల గానీ, చొక్కా ఉంటే యాడ అవుతాది?”

ఇల్లంతా ప్రయాణపు వాసన. నాయన పత్తి బేరానికి ఆదోని వెళ్ళాడు. గుంతకల్లులో కలిసి బొంబాయి దాకా తోడు వస్తాడు. అమ్మ సుందరలక్ష్మి మురుకులు వత్తుతోంది, నిమ్మకాయ ఊరగాయ జాడీకి వాసెన కడుతోంది. ఎవరో దొర అమ్మేసి పోయిన ఉన్నికోటును మిద్దెమీద ఎండలో ఆరేశారు. వీధి పిల్లలు దాన్ని చూసి గొర్రె ఎండుతోందని నవ్వారు.

మంగళవారం జ్వరం వచ్చింది. జేజి నుదురు పట్టి చూసింది. “ఈ చొక్కా విప్పి పడుకో, సచ్చినోడా,” అంటూ తనే చెయ్యి పైకి లాగింది.

భుజం మీద ముత్యంలాంటి పొక్కు.

జేజి రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు జోడించింది. తర్వాత వంటింటివైపు తిరిగి మెల్లగా అంది: “సుందరలక్ష్మీ, బాండలి దించు. తాలింపు పెట్టొద్దు. తల్లి వచ్చింది.”

గంటలో గుమ్మానికి వేపమండలు వేలాడాయి. అమ్మవారు ఉన్న ఇంట్లో పొయ్యి మీద నూనె కాగకూడదు. బయటివాళ్ళు రాకూడదు. ఇంట్లోవాళ్ళు గడప దాటకూడదు. పొక్కు మాడాక రోజు విడిచి రోజు వేపాకు నీళ్ళు పోస్తారు. మొదటి నీళ్ళు, రెండో నీళ్ళు, మూడో నీళ్ళు. ఆ మూడూ అయితేనే తల్లి వెళ్ళినట్టు. ఓబులేసు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. మూడో నీళ్ళు పోసేసరికి ఓడ అరబ్బు సముద్రంలో ఉంటుంది, అందులో మద్రాసు కుర్రాడు ఉంటాడు.

నిజం చెప్పేశాడు. కర్నూలు, డాక్టరు, చక్రం, అన్నీ.

“నువ్వు పిలిచినావో, ఆమే వచ్చిందో నాకెందుకురా?” అంది జేజి. “వచ్చింది. అంతే. అతిథిని గడపలో ఇడిసి ఊరికి పోతారా ఎవరన్నా?”

బుధవారం తెల్లారింది. జేజి వేపాకు, పసుపు నూరిన ముద్దతో వచ్చింది. చల్లదనానికి పొక్కు మీద పూయాలట. ఆ చెయ్యి దగ్గరికి వస్తోంది. అది తగిలితే చీటీ లేదు.

“వద్దు!” అని అరిచాడు ఓబులేసు. “పూయొద్దు!”

జేజి చెయ్యి ఠక్కున ఆగింది. ముద్దను కింద పెట్టేసింది. “సరే తల్లీ, వద్దులే,” అంది.

ఓబులేసు తెల్లబోయాడు. జేజి మొండితనం ప్రొద్దుటూరంతటికీ తెలుసు. ఒక్క అరుపుకు లొంగే మనిషి కాదు. అప్పుడు వెలిగింది. నిన్నటినుంచి అంతే! మజ్జిగ కావాలంటే మజ్జిగ, దిండు మార్చమంటే దిండు. అమ్మవారు పోసిన మనిషి నోట వచ్చే కోరిక తల్లి కోరికే. కాదనకూడదు. అదీ ఆచారమే.

లేచి కూర్చున్నాడు.

“జేజీ. నాకు కర్నూలు పోవల్ల. ఆడినుంచి బొంబాయికి పోవల్ల. ఓడ ఎక్కల్ల.”

వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె కింద పడింది.

జేజి అతడి కళ్ళలోకి చూసింది. “అడుగుతాండేది నువ్వా? ఆమెనా?”

ఓబులేసుకు అబద్ధం చెప్పడానికి ధైర్యం లేదు, నిజం చెప్పడానికి టైము లేదు.

“దొంగనాయాలా,” అంది జేజి. తర్వాత లేచి, కొంగు బిగించి, గుమ్మానికున్న వేపమండ ఒకటి విరిచింది. “నోటికొచ్చినాక నేను కాదంటే పాపం నాకు. సుందరలక్ష్మీ, నువ్వు ఇంట్లో దీపం కొండెక్కకుండా చూసుకో. తల్లిని ఒంటరిగా బస్సెక్కించడానికి నాకు మనసు రాదు. నేనూ పోతాండా.”

మధ్యాహ్నం బస్సులో జేజి అతణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి తను కోటగోడలా అడ్డం కూర్చుంది. ఎవరైనా ఆనుకోబోతే వేపమండ ఊపేది. “తల్లి ఉండాది, అట్ల జరుగు!” నిండు బస్సులో వాళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ. కండక్టరు టికెట్టు డబ్బులు కూడా చెయ్యి చాచి దూరంనుంచే అందుకున్నాడు.

రాత్రి కర్నూలు సత్రంలో తలదాచుకున్నారు. బేస్తవారం పొద్దున డాక్టరు గదిలోకి వస్తుంటే జేజి అడ్డం నిలబడింది.

“చెప్పులిడిసి రా అప్పా.”

“ఇది ఆసుపత్రి అవ్వా.”

“ఏదైతేనేం? తల్లి ఈడుండాది.”

దావీదురాజు ఓబులేసు మొహం చూశాడు. ఆ మొహంలో చెమట, ప్రాణాలు రెండూ ఒక్కచోటే నిలిచి ఉన్నాయి. డాక్టరు వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. వట్టికాళ్ళతో వచ్చి పొక్కును చూశాడు.

“శానా బాగా లేచింది.”

“లేవకుండా ఎట్లుంటాది? ఎవరింటి పిల్లోడనుకున్నావు?” అంది జేజి, ఆ పొక్కు తనే పెంచినట్టు.

ముద్ర పడింది. చీటీ జేబులోకి వెళ్ళింది. ఓబులేసుకు కర్నూలు ఎండ వెన్నెలలా తోచింది.

కానీ జేజి పని కాలేదు. డోన్‌లో బండి మారాలి. గుంతకల్లు బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఆమె మూట విప్పి రాగిచెంబు తీసింది. కుళాయి నీళ్ళు పట్టి, వాడిపోయిన వేపాకు అందులో నలిపింది.

“చొక్కా విప్పు.”

“జేజీ! ఈడనా? పొక్కు ఇంకా మాడనే లేదే!”

“ఎట్లున్న తల్లిని అట్లే ఓడెక్కిస్తావా? సముద్రం మీద ఆమెకు నీళ్ళెవరు పోస్తారు? దొరసానులా? విప్పు.”

జనం మూగారు. ఇంజను కూతేస్తూ బండి వచ్చి ఆగింది. గార్డు పచ్చజెండా పట్టుకుని చూస్తున్నాడు.

“ఏమ్మా, ఇది స్నానాల రేవనుకున్నావా?”

“రేవయితే నిన్నడిగేదాన్నా? ఆ జెండా ఊపొద్దప్పా, మూడు చెంబులే, మూడు నీళ్ళూ అయిపోతాయి!”

ఓబులేసు పంచె బిగించి తల వంచాడు. మొదటి చెంబు పడింది. రెండోది పడింది. మూడోది పోసేటప్పుడు జేజి అతడి దగ్గరికి జరిగింది. నీళ్ళు సగం అతడి మీద, సగం ఆమె చీర మీద పడ్డాయి. కొంగుతో తల తుడిచింది. ఎడమ భుజం మాత్రం తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టిందని అతడికి అప్పుడు తెలిసింది.

“ఇంక పో,” అంది.

తడిపంచెతోనే రైలుపెట్టె ఎక్కాడు. గార్డు జెండా ఊపాడు. కాళ్ళకు మొక్కనేలేదని గుర్తొచ్చేసరికి చక్రాలు కదిలాయి. కిటికీ కమ్ములకు మొహం ఆనించి చూశాడు.

జేజి అప్పటికే వెనక్కి తిరిగింది. ఖాళీచెంబు చంకలో పెట్టుకుని విసవిసా నడుస్తోంది. ఆమె ఎక్కాల్సిన నంద్యాల బండి ఇవతల ఉంది. ఆమె మాత్రం సికిందరాబాదు బండివైపు పోతోంది.

“జేజీ! అది కాదు! ఆ బండి కాదు!”

ఇంజను చప్పుడులో అతడి గొంతు అతడికే వినపడలేదు. ఓడ, జర్మనీ, సిమెంటు, ఏదీ గుర్తులేదు. కమ్ములు పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు. దూరంగా ఎర్రచొక్కా కూలీ ఒకడు ఆమెను ఆపి, భుజం పట్టుకుని ఇటువైపు తిప్పాడు. జేజి వాడి చెయ్యి విదిలించి కొట్టింది. తర్వాత వాడు చూపించిన బండివైపే నడిచింది.