నా కథలో చచ్చినవాడు

నెహెమ్యాను నేను ప్రేమతోనే చంపానా? అచ్చుకు పంపిన కథలో చంపాను. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన మిత్రుడి ముఖం మీద దిండు అదిమి, ఆ పనికి కరుణ అని పేరు పెట్టాను. నేను చదివిన తత్వశాస్త్రమంతా నాకు వంత పాడింది. సంపాదకుడు కంటతడి పెట్టానన్నాడు.

నిజమైన నెహెమ్యా ఇరవై ఏళ్లు కడపలో బండలు కోసి, ఇప్పుడు మా ఊరు కోసిగిలో మంచం పట్టాడు. కథను అతనికే చదివి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నంత మూర్ఖుణ్ణి.

"మూడు దిండ్లు ఆనిచ్చుకుంటే గానీ నాకు ఊపిరాడదు. దాంట్లో ఒగటి పీకి నా మొగం మీదే పెడ్తివా? శానా ప్రేమప్పా నీది!" అని నవ్వి, చాలాసేపు దగ్గాడు. "అవునుగానీ, చచ్చేటోడు కథంతా ఒక్క మాటన్నా మాట్లాడలేదేం? వాన్ని ఎవరన్నా అడిగినారా?"

"నీ బాధ చూడలేక..."

"చూడలేనోడు లేసి బయటికి పోవల్ల. మన చర్చివాళ్లు వంతులేసుకుని నా కాడ కూర్చుంటాండారు. నీ వంతునాడు యాడికి పోయినావు? ఇది రాస్తాంటివి. ఇది అచ్చయితే మా జీవమ్మ నాకు దిండు సర్దేదానికి గూడా బయపడ్తాది."

గంజి గిన్నెతో వచ్చిన అతని భార్య జీవమ్మ గడపలోనే నిలబడిపోయింది.

నేను కరుణ అన్నది నా విసుగే. ఆ దగ్గు ఆగిపోవాలని కోరుకున్నది నేను. అతన్ని అడగకుండానే అది అతని మేలని రాశాను. ఆ కథ ఎవరూ చదవకూడదు. అక్కడే ఫోన్ తీసి, దాన్ని వేయవద్దని సంపాదకుడికి చెప్పాను.