అడుగున మిగిలిన పాఠం

హేమ రోజు తెల్లవారి ఐదింటికి మొదలై రాత్రి పదింటికి గాని ముగిసేది కాదు. మధ్యలో ఖాళీ అనేదాన్ని నీళ్ల పులుసులో ముక్కలా వెతుక్కోవాలి. గూడూరులో ఇంటిపని, ఎనిమిదింటికి బందరు బస్సు, ఆస్పత్రిలో నర్సు డ్యూటీ, సాయంత్రం మళ్లీ బస్సు, దిగగానే స్టవ్వు.

అలాంటి మనిషిని పట్టుకుని ఆస్పత్రివాళ్లు ఈసీజీ కోర్సు చెయ్యమన్నారు. కొత్తగా గుండె వార్డు పెడుతున్నారట. ఫోన్లో నలభై పాఠాలు, ఆపైన పరీక్ష. ప్యాసయ్యేందుకు మూడు అవకాశాలు. ప్యాసైతే ఆ వార్డు, లేకపోతే గుడివాడ బ్రాంచికి బదిలీ. గుడివాడ అంటే పోనూ రానూ నాలుగు బస్సులు. ఇక ఇంటికి నిద్రపోవడానికే రావాలి.

"రోజుకి అరగంట చాలమ్మా" అన్నారు నర్సింగ్ సూపరింటెండెంట్ మాధవీలత గారు. ఆ అరగంట ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. బస్సులో విందామంటే నిలబడే నిద్ర పట్టేసేది. ఆదివారం చర్చి, అవగానే వారం బట్టలు. చివరికి పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి వంట చేస్తూ వినడం మొదలుపెట్టింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కుక్కర్ విజిలూ వినపడదు, అత్తగారి పిలుపూ వినపడదు. రెండూ ప్రమాదమే.

దాంతో పాఠం కూరలో పడిపోయేది.

ఆవిరి పైకి పోతుంటే మాటలు కిందికి దిగేవి. ఇంట్లో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. కూర అన్నాక ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. "ఇవాళ వంకాయలో పాఠం బాగా మగ్గింది" అనేవాడు భర్త జాన్సన్, మారు వడ్డించుకుంటూ.

తిన్నవాళ్లకి తిన్నంత వచ్చేసేది. మోటార్ వైండింగ్ షాపు నడిపే జాన్సన్, రైతులు తెచ్చిన మోటారుకి చెవి ఆనించి, "దీనికి పై గది ఒకలా, కింది గది ఒకలా కొట్టుకుంటున్నాయండీ" అనేవాడు. మావగారు కృపావరం రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన ఒక ఆదివారం ప్రార్థనలో పక్కన కూర్చున్న పున్నారావు చెయ్యి పట్టుకుని చూసి, ఆమెన్ అనేలోపు ఆటో ఎక్కించి బందరు పంపేశారు. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. అత్తగారు వెంకాయమ్మ కూరగాయల బండి దగ్గర పొట్లకాయ వంపు చూసి, "ఎస్టీ ఎలివేషన్, గుండెపోటు గీత ఇది" అని పక్కన పడేసేది.

రానిది హేమ ఒక్కదానికే.

ఆమె అందరికీ వడ్డించి ఆఖర్న తినేది. పాఠంలో మొదటి మాటలు ముందు పడతాయి కాబట్టి అవి అడుక్కి చేరతాయి. గరిటె పైపైన తిరిగి, గుండె గదులూ రక్తనాళాలూ సమస్తం ముగ్గురి కంచాల్లోకి వెళ్లిపోయాక, గిన్నె గోకితే హేమకి దక్కేది ఆ అడుగు. మొదటి పరీక్షలో పేపరు ముందు పెట్టుకుంటే ఆమెకి గుర్తొచ్చింది ఒక్కటే: "అందరికీ నమస్కారం. దయచేసి మీ మైకులు మ్యూట్‌లో పెట్టుకోండి." యాభైకి తొమ్మిది వచ్చాయి. రెండోసారి పదకొండు. పెరిగిన ఆ రెండూ ఉప్పు చూడ్డానికి అరచేతిలో వేసుకున్న చుక్కల పుణ్యం.

"మనసు పెట్టి వినాలమ్మా. ఇంత తేలికైన సబ్జెక్టు!" అన్నారు కృపావరం, త్రేన్చుతూ. హేమకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక గిన్నెలు తోమింది.

మూడో పరీక్షకి ముందురోజు సాయంత్రం బొమ్మిడాయల పులుసు పెట్టింది. ఫోన్లో కోర్సు మొత్తం గంటన్నరలో తిరగేసే పాఠం పెట్టింది. పులుసు వాసన వీధి చివరిదాకా వెళ్లింది. ముగ్గురూ పిలవకుండానే వచ్చి కంచాల ముందు కూర్చున్నారు.

హేమ గిన్నె దింపుతుంటే పులుసు తొణికింది. వెంకాయమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, వదలకుండా, గోడ గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపింది.

"నూట పద్దెనిమిది" అంది. "కూర్చో."

"మీరు తినండి అత్తయ్యా, నేను తర్వాత..."

"ఈ పల్సుతో తర్వాతేంటే? కూర్చోమన్నానా!"

హేమ కూర్చుంది. వెంకాయమ్మ గిన్నెని గుడ్డతో పట్టుకుని గుండ్రంగా రెండుసార్లు తిప్పింది. చేపల పులుసులో గరిటె పెట్టి కలిపితే ముక్కలు చితికిపోతాయి, పాఠాలూ అంతే. అడుగుదీ పైదీ కలిశాక గిన్నె మొత్తం తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"మరి మాకో?" అన్నాడు జాన్సన్.

"ఆవకాయ ఉంది. అందులో ఏ పాఠమూ లేదు, హాయిగా తిను."

"అది కాదు వెంకాయమ్మా, పద్ధతంటూ ఒకటి..." అని కృపావరం గొణిగారు.

"ఏవండీ, మీకు హిందీ ఎలా వచ్చిందో ఎప్పుడన్నా ఆలోచించారా?"

కృపావరం ఆలోచించారు. రైల్వేలో హిందీ పరీక్షలు మూడూ మొదటిసారే ప్యాసయ్యారు. పుస్తకం తెరిచిన గుర్తు మాత్రం లేదు.

"రేడియోలో హిందీ పాఠాలు వింటా పప్పు వండింది నేను" అంది వెంకాయమ్మ. "హిందీ టీచరు అవుదామనుకున్నాను."

ఆయన ఆవకాయ కలుపుకుని, తలెత్తకుండా తిన్నారు.

హేమ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో పొగలు కక్కే అన్నం తినడం అదే మొదలు. ఏడుపొచ్చేసింది. కారం ఎక్కువైందనుకుని జాన్సన్ మంచినీళ్లు అందించాడు. నాలుగో ముద్దకి ఈసీజీ గీతలో పి వేవు తన చోట తను కుదురుకుంది. తల, తోకా తినేసరికి గుండె నాలుగు గదుల్లోనూ లైటు వేసినట్టయింది. ఆమె గిన్నె ఖాళీ చేసి, వేళ్లు కూడా వదల్లేదు.

మూడో పరీక్షలో నలభై ఏడు వచ్చాయి.

గుండె వార్డు ఆర్డరు చేతికిస్తూ మాధవీలత గారు ఆశ్చర్యంగా చూశారు. "పదకొండు నుంచి నలభై ఏడా! ఎప్పుడు చదివావమ్మా? టైమెక్కడ దొరికింది?"

"చదవలేదు మేడం" అంది హేమ. "ముందు తిన్నాను."

మాధవీలత గారికీ వచ్చే నెల ఏదో పరీక్ష ఉంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంటికి ఫోన్ చేసి, పొద్దున పాఠం వింటూ చేసి పెట్టిన పప్పుచారు తను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు.