ఏ భుజాల మీద పడ్డానో

నేను ఒక సన్మాన శాలువాను. ఎర్రగా ఉంటాను, అంచున జరీ లాంటి తళుకు. మరమగ్గం మీద పుట్టి, కాకినాడ బజారులో అమ్ముడై, ఒక విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర శాఖ బీరువాకు చేరాను. నన్ను కప్పుకుని చలి కాచుకున్న మనిషి ఒక్కడూ లేడు. సభలో కప్పించుకుంటారు, ఫొటో దిగుతారు, మడత నలగకుండా ఇంకొకరికి కప్పేస్తారు. మనుషుల గౌరవం అలా ఊరంతా తిరుగుతూ ఉంటుంది.

బీరువా ఉన్నది కామేశ్వరి మేడం గదిలో. విచారణ సంఘానికి ఆవిడే పెద్ద. ఉషశ్రీ అనే పరిశోధక విద్యార్థిని తన గైడు సుధాకరం మీద ఫిర్యాదు చేసింది. థీసిస్ మీద సంతకానికని పిలిచి, తలుపు గడియ పెట్టి అఘాయిత్యం చేశాడాయన.

"సంతకమైతే మాత్రం, ఒక్కదానివే వెళ్ళిపోతావేంటమ్మా?" అంది మేడం.

"ఆయన నా గైడండీ. రమ్మంటే వెళ్ళనా?"

ఛీ! గడియ పెట్టినవాణ్ణి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పైగా వరండాలో "పోనీలెద్దురూ, పెద్దాయన" అని జాలి. విచారణ వాయిదాల మీద వాయిదాలు పడింది. ఆయన రిటైరైతే 'ఇక మా ఉద్యోగి కాడు' అని చేతులు దులుపుకోవచ్చు కదా! ఆ లోపే విచారించమని ఉషశ్రీ కాళ్ళరిగేలా తిరిగింది.

చివరికి ఆయన వీడ్కోలు సభే వచ్చింది. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి నన్ను పళ్ళెంలో తేవడం అక్కడి ఆనవాయితీ.

"నువ్వే పట్టుకురామ్మా. జనం నోళ్ళు మూతపడతాయి. రేపు నీ పెళ్ళికీ ఇబ్బందుండదు," అంది మేడం.

ఉషశ్రీ సరేనంది. వేదికెక్కి, పళ్ళెం పక్కన పెట్టి, సుధాకరాన్ని దాటి వెళ్ళి, నన్ను కామేశ్వరి మేడం భుజాలకు కప్పి మైకు అందుకుంది.

"ఈ సన్మానం మీదే మేడం. నా ఫిర్యాదు విచారించకుండా ఈయన్ని క్షేమంగా ఇంటికి పంపుతున్నది మీరే!"

శాలువా పడిందంటే చాలు, వెనక వరుసలకు చప్పట్లు కొట్టడం అలవాటు. కొట్టేశారు. ముందు వరుసల్లో పెద్దలు మాత్రం బిగుసుకుపోయారు. ఉషశ్రీ మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొందరమ్మాయిలు లేచి ఆమె వెంట నడిచారు.

రిజిస్ట్రారు నన్ను లాగి, దులిపి, సుధాకరానికి కప్పి, "ఫొటో తియ్యవయ్యా!" అన్నాడు. ఆయన మెడ మీది చెమట నాకంటుకుంది. అంతా విన్న ముందు వరుసలు అప్పుడు చప్పట్లు కొట్టాయి.

ఇప్పుడు ఆయన బీరువాలో ఉన్నాను. ఏ వంటింట్లోనో మసిగుడ్డనై ఉంటే ఇంతకంటే పరువుగా బతికేదాన్ని.